రెండో రోజు విడాల్ పాజిటివ్, ఆరో రోజూ జ్వరం: బాబుకి టైఫాయిడేనా?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర ఊరు. బాబుకి ఆరేళ్లు. ఆరు రోజులుగా జ్వరం. రెండో రోజే ల్యాబ్‌లో విడాల్ చేయిస్తే 'ఓ' 1:160, 'హెచ్' 1:80 వచ్చింది, టైఫాయిడ్ అన్నారు. మూడు రోజులుగా రోజూ సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ చేస్తున్నారు. అయినా రాత్రయ్యేసరికి 103 దాకా పోతోంది. కడుపు నొప్పి అంటున్నాడు, రోజుకు రెండు మూడుసార్లు పల్చగా వెళ్తున్నాడు, కాస్త దగ్గు కూడా ఉంది. డెంగ్యూ ఎన్‌ఎస్1 నెగెటివ్. అన్నం పెట్టొద్దని అత్తయ్య పట్టుబడుతున్నారు. ఇది నిజంగా టైఫాయిడేనా? మందు పనిచేయట్లేదా? పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలా?

జవాబు:

అమ్మా, ముందు మీకు కావాల్సిన ముక్క చెప్పేస్తాను. టైఫాయిడ్ అయ్యే అవకాశమే ఎక్కువ. అయితే ఆ మాట నేను రెండో రోజు విడాల్ చూసి అనడం లేదు. ఆరో రోజుకీ జ్వరం దిగలేదు, పైగా కడుపు తేడాగా ఉంది అని రాశారు చూడండి, దాన్ని బట్టి అంటున్నాను. మూడు ఇంజెక్షన్లకే జ్వరం పోలేదని మందు పనిచేయట్లేదనుకోకండి. ఈ రాత్రే పెద్దాసుపత్రికి పరుగెత్తాలా అన్నది బాబు ఏం తాగుతున్నాడు, ఎలా ఉన్నాడు అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అది కింద వివరంగా రాస్తాను.

నేను పిల్లల డాక్టర్ని, ఇరవై ఎనిమిదేళ్లుగా ఇదే పని. ఈ జబ్బు దగ్గర నేను పట్టుకుని వేలాడేది రోజుల లెక్కని. ఏ లక్షణమైనా, ఏ రిపోర్టయినా ఎన్నో రోజుదో తెలియకపోతే నాకు సగమే అర్థమవుతుంది. అందుకే నా దగ్గరికి వచ్చిన తల్లిని 'జ్వరం ఎంత ఉంది' అని తర్వాత అడుగుతాను. 'ఎప్పుడు మొదలైంది, ఏ వారం, ఆ రోజు బడికి వెళ్లాడా' అని ముందు అడుగుతాను. చాలామంది జ్వరం బాగా కాలిన రోజు నుంచి లెక్కపెడతారు. టైఫాయిడ్ అలా ఒక్కసారిగా మీద పడదు. మొదటి ఒకటి రెండు రోజులు ఒళ్లు కాస్త వెచ్చగా ఉంటుంది, సాయంత్రం బడి నుంచి వచ్చి అన్నం ముట్టకుండా పడుకుంటాడు, తలనొప్పంటాడు. మనం దిష్టి తీసి ఊరుకుంటాం. అది కూడా లెక్కలోదే. అలా చూస్తే మీ ఆరో రోజు ఏడో రోజో ఎనిమిదో రోజో కూడా కావచ్చు.

అసలు లోపల జరిగేది చెబితే ఈ లెక్క మీకే అర్థమవుతుంది. సాల్మొనెల్లా టైఫీ అనే బాక్టీరియా నీళ్లలోనో తిండిలోనో కడుపులోకి పోతుంది. చిన్నపేగు చివరి భాగంలో పేయర్ ప్యాచులనే లింఫు కణజాలపు ముద్దలుంటాయి. అక్కడ గోడ దాటి కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలోకి చేరి, చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. దీనికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత రక్తంలోకి పొంగుతుంది. మీరు లెక్కపెట్టే మొదటి రోజు అదే. అంటే నిన్న తిన్న పానీపూరీ వల్ల ఈరోజు టైఫాయిడ్ రాదు. పది పదిహేను రోజుల కిందట పెళ్లిలో తాగిన నీళ్లు, జాతరలో తిన్న ఐసు, వీధిలో పైపు పగిలి మురుగు కలిసిన నల్లా, అనుమానించాల్సినవి ఇవి.

ఇక విడాల్. ఈ పరీక్షని 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ అనే వైద్యుడు బయటపెట్టాడు. అది వెతికేది బాక్టీరియాని కాదు, దాని మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలని. అవి లెక్కకు దొరికేంతగా పెరగడానికి దాదాపు వారం పడుతుంది. జ్వరం వచ్చిన రెండో రోజున విడాల్ చేయించడమంటే పెళ్లికొడుకు రాకముందే అక్షింతలు వేసినట్టు. మరి పాజిటివ్ ఎలా వచ్చిందంటారా? టైఫాయిడ్ తిరిగే ఊళ్లలో మామూలుగా ఉన్న పిల్లల రక్తంలో కూడా కొంత యాంటీబాడీ ఉంటుంది. పాత ఇన్ఫెక్షన్ తాలూకు గుర్తు, దాని చుట్టాలైన వేరే సాల్మొనెల్లాలు, కొన్నిసార్లు మలేరియా, ఇవన్నీ ఆ 1:160 లాంటి అంకెని (రక్తాన్ని ఎన్ని రెట్లు పల్చన చేసినా యాంటీబాడీ దొరికిందో చెప్పేది) పైకి నెట్టగలవు. పైగా మన చిన్న ల్యాబుల్లో చేసేది గాజుపలక మీద చుక్కల పరీక్ష. గుండ్రంగా తిప్పి, గింజలు కట్టిందా లేదా అని కంటితో చూసి చెబుతారు. ఒకరికి 1:80 అనిపించింది పక్కవాడికి 1:160 అనిపించవచ్చు. ల్యాబ్ వాళ్లని తప్పుపట్టడం లేదు. రాసిన డాక్టరుదీ, అడిగి రాయించుకున్న మనదీ తప్పు. ఇంకోవైపు, నిజంగా టైఫాయిడ్ ఉన్న పిల్లల్లో కూడా విడాల్ నెగెటివ్‌గా రావడం నేను చాలాసార్లు చూశాను. ఐజీఎమ్ కార్డు పరీక్షల (ఇవీ యాంటీబాడీలని వెతికేవే) మీద కూడా నాకు పెద్ద గురి లేదు.

మరి దేన్ని నమ్ముతాను? ముందు పిల్లవాణ్ని చూస్తాను. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని మీరు ఇంట్లో కూడా చూడగలరు. వైరల్ జ్వరం వచ్చిన పిల్లవాడు 103 ఉన్నప్పుడు వాడిపోయి పడుకుంటాడు. పారాసిటమాల్ పడి ఒళ్లు చల్లబడగానే లేచి ఫోన్ అడుగుతాడు, చెల్లెలితో గొడవ పెట్టుకుంటాడు. టైఫాయిడ్ పిల్లవాడు అలా లేవడు. జ్వరం 99కి దిగిన గంటలో కూడా గోడవైపు తిరిగి పడుకునే ఉంటాడు. పిలిస్తే కళ్లు తెరుస్తాడు, అడిగినదానికి ఒక్క ముక్క చెబుతాడు, మళ్లీ మూసుకుంటాడు. ముఖంలో కళ ఉండదు. పెదాలు ఎండి పొక్కు కట్టి ఉంటాయి. నాలుక చాపమంటే మధ్యలో మీగడ పూసినట్టు తెల్లగా, అంచులూ కొసా మాత్రం ఎర్రగా కనిపిస్తాయి. పొట్ట కాస్త ఉబ్బి, కుడివైపు కింద నొక్కితే లోపల గుడగుడమంటుంది. మొదటి వారం చివరికి ఎడమ పక్కటెముకల కింద ప్లీహం కొస, కుడివైపు కాలేయం అంచు చేతికి తగులుతాయి. ఆ రెండూ తగిలాయంటే విడాల్ కాగితం నేను తిరగేసి కూడా చూడను.

జ్వరం తీరు కూడా చూడాలి. పుస్తకాల్లో మెట్లు మెట్లుగా ఎక్కుతుందని రాస్తారు, అంటే నిన్నటి సాయంత్రం కన్నా ఈరోజు సాయంత్రం కాస్త ఎక్కువ. ఇప్పుడు ఆ మెట్లు అంత స్పష్టంగా కనిపించవు. రెండో రోజుకే యాంటీబయాటిక్ పడిపోతుంది, ఆరు గంటలకోసారి పారాసిటమాల్ పడుతూనే ఉంటుంది. అయినా పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ, వారం దాటినా పూర్తిగా వదలకపోవడం మాత్రం అలాగే ఉంటుంది.

విరేచనాలు పల్చగా అవుతున్నాయి, టైఫాయిడ్‌లో మలబద్ధకం కదా అని మిమ్మల్ని ఎవరైనా తికమకపెట్టవచ్చు. పెద్దవాళ్లలో, పెద్దపిల్లల్లో మలబద్ధకం ఎక్కువ, చిన్నపిల్లల్లో విరేచనాలు ఎక్కువ. ఆరేళ్లవాడు ఎటైనా ఉండవచ్చు. దగ్గు కూడా అంతే. మొదటి వారంలో పొడిదగ్గుతో వచ్చి, బ్రాంకైటిస్ అని మందులు రాయించుకుని పోయిన పిల్లలు ఎందరో. పుస్తకంలో గొప్పగా రాసే రెండు గుర్తులు మాత్రం పిల్లల్లో ఎదురుచూడకండి. ఒకటి, పొట్ట మీద గులాబీ రంగు మచ్చలు. మన చామనఛాయ ఒంటి మీద అవి కనిపించేది బహు అరుదు, నేను ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత చూశాను. రెండోది, జ్వరం ఎక్కువున్నా నాడి నెమ్మదిగా కొట్టుకోవడం. అది పెద్దవాళ్ల సంగతి, పిల్లల్లో ఉండకపోవడమే మామూలు.

ఇది బడి పిల్లల జబ్బు, పసివాళ్లకి రాదని మా తరం డాక్టర్లం చదువుకున్నాం. ఢిల్లీలోని కాల్కాజీ బస్తీలో ఇల్లిల్లూ తిరిగి రక్తం కల్చర్ (రక్తంలోని బాక్టీరియాని ల్యాబులో మొలిపించి చూసే పరీక్ష) చేసిన అధ్యయనం 1999లో వచ్చాక ఆ మాట చెరిపేసుకోవాల్సి వచ్చింది. అక్కడ ఐదేళ్లలోపు పిల్లల్లో ఏడాదికి వెయ్యి మందికి 27 మందికి టైఫాయిడ్ దొరికింది, పెద్దపిల్లల కన్నా ఎక్కువ. అంత చిన్నవాళ్లలో అది మామూలు జ్వరంలా, విరేచనాల జబ్బులా వచ్చి పోతుంది, లేదంటే ఫిట్స్‌తో మొదలవుతుంది. నెలల పిల్లలకి వస్తే రక్తమంతా చీముపట్టినట్టు తీవ్రంగా ఉంటుంది. మీవాడు ఆరేళ్లవాడు కాబట్టి ఈ ముక్కతో మీకు పని లేదు, ఇంట్లో చిన్నవాళ్లుంటే గుర్తుంచుకోండి.

రక్తపరీక్షల్లో నాకు ఉపయోగపడేది మామూలు సీబీపీ, అంటే రక్తకణాల లెక్క. మీ దగ్గర పాత రిపోర్టు ఉంటే తీసి చూడండి. అంత జ్వరం ఉన్నా తెల్లకణాలు పెరగకుండా ఐదారు వేల దగ్గరే ఉన్నాయా? వాటిలో ఒక రకమైన ఇసినోఫిల్స్ సున్నా అని ఉందా? పురుగుల మూలంగానో అలర్జీ మూలంగానో మన పిల్లల్లో ఇసినోఫిల్స్ ఎప్పుడూ ఎంతో కొంత ఉంటాయి. అవి మొత్తంగా మాయమైతే నాకు టైఫాయిడ్ మీద అనుమానం బలపడుతుంది. ప్లేట్‌లెట్లు కాస్త తగ్గడం, కాలేయపు ఎంజైములు కాస్త పెరగడం కూడా ఇందులో మామూలే. ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలనగానే డెంగ్యూ అని హడలిపోనక్కర్లేదు.

తేల్చి చెప్పేది మాత్రం రక్తం కల్చర్ ఒక్కటే. ఇంజెక్షన్ మొదలుపెట్టకముందు తీయాలి. మొదటి వారంలో దొరికే అవకాశం ఎక్కువ. అప్పుడు కూడా నిజంగా టైఫాయిడ్ ఉన్న పదిమందిలో ఐదారుగురికే పాజిటివ్ వస్తుంది, కాబట్టి నెగెటివ్ వస్తే టైఫాయిడ్ లేదని కాదు. ఐదు మిల్లీలీటర్ల రక్తం అనగానే 'అంత రక్తం లాగుతారా' అని తల్లులు భయపడతారు. అది చెంచాడు. ఆ చెంచాడు ఇవ్వకుండా సీసా అడుగున రెండు చుక్కలు వేసి పంపితే ఏమీ మొలవదు. మూడు ఇంజెక్షన్లు పడ్డాక అవకాశం ఇంకా తగ్గుతుంది, అయినా మీ డాక్టరుగారిని అడిగి చేయించమనే నా సలహా. అది మొలిస్తే ఏ మందుకి లొంగుతుందో కూడా తెలుస్తుంది.

ఆ లొంగడం గురించి ఒక ముక్క. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చేదాకా టైఫాయిడ్ వచ్చిన పదిమందిలో ఒకరిద్దరు పోయేవారు. మా అమ్మమ్మ తరం దీన్ని సన్నిపాత జ్వరమని గొంతు తగ్గించి పలికేది అందుకే. తొంభైల మొదట్లో ఆ క్లోరాంఫెనికాల్, దానితోపాటు ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ పనిచేయడం మానేశాయి. సిప్రోఫ్లాక్సాసిన్ వచ్చింది, చిటికెలో జ్వరం దింపేది. దాన్ని జలుబుకీ దగ్గుకీ వాడి మొండి చేసుకున్నాం. ఇప్పుడు మన దేశంలో టైఫాయిడ్‌కి సిప్రో, ఓఫ్లాక్సాసిన్ గుడ్డిగా రాయకూడదు. మిగిలినవి సెఫ్ట్రియాక్సోన్, నోటితో సెఫిక్సిమ్, అజిత్రోమైసిన్. మీ బాబుకి చేస్తున్నది సరైన మందే, మోతాదు బరువుకి సరిపోయిందా అని మాత్రం అడగండి.

ఇప్పుడు మీ అసలు బెంగ: మూడు రోజులైనా జ్వరం ఎందుకు తగ్గలేదు? సరైన మందు పడినా టైఫాయిడ్ జ్వరం పూర్తిగా దిగడానికి నాలుగు నుంచి ఏడు రోజులు పడుతుంది. బాక్టీరియా కణాల లోపల దాక్కుని ఉంటుంది, మందు అక్కడిదాకా చేరి పని పూర్తిచేయాలి. ఈ సంగతి తల్లిదండ్రులకి మొదటి రోజే చెప్పకపోతే మూడో రోజుకి డాక్టరు మారతారు. కొత్త డాక్టరు కొత్త ఇంజెక్షన్ రాస్తాడు. ఆరో రోజుకి జ్వరం ఎలాగూ దిగుతుంది, పేరు ఆఖరి డాక్టరుకి వస్తుంది. (ఆ ఆఖరి డాక్టరు నేనయిన సందర్భాలూ ఉన్నాయి, ఒప్పుకుంటాను.)

తగ్గుతోందో లేదో తెలుసుకోవడానికి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఆరు గంటలకోసారి థర్మామీటరు పెట్టి టైము, అంకె, పారాసిటమాల్ ఇచ్చారా లేదా రాయండి. చేత్తో నుదురు ముట్టుకుని చెప్పొద్దు. మందు పనిచేస్తుంటే నిన్న రాత్రి 103.4 ఉన్నది ఇవాళ 102.6, రేపు 101.8, ఇలా శిఖరం కుంగుతూ వస్తుంది. రెండు జ్వరాల మధ్య ఎడం పెరుగుతుంది. ఇవాళ రెండు చెంచాలు ఎక్కువ తింటాడు. ఇవేవీ లేకుండా ఐదు ఇంజెక్షన్లు దాటినా అదే 103 అదే పడక అయితే అప్పుడు మందు గురించి, జబ్బు పేరు గురించి మళ్లీ మొదట్నుంచి ఆలోచించాలి.

ఆ 'మళ్లీ ఆలోచించడం'లో మీ ప్రాంతానికి రెండు ముఖ్యం. ఒకటి మలేరియా. భద్రాచలం వైపు, ఏజెన్సీ ఊళ్లవైపు వెళ్లొచ్చారా? అయితే రక్తపు చుక్కతో స్లైడు పరీక్ష చేయించాలి. రెండోది స్క్రబ్ టైఫస్, పొలాల్లో తుప్పల్లో ఉండే అతిచిన్న నల్లిలాంటి పురుగు కుట్టడం వల్ల వచ్చేది. అచ్చం టైఫాయిడ్‌లాగే ఉంటుంది, సెఫ్ట్రియాక్సోన్‌కి అస్సలు లొంగదు, డాక్సీసైక్లిన్‌కి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఈరోజు బాబుకి స్నానం లేకపోయినా తడిగుడ్డతో తుడిచేటప్పుడు బట్టలన్నీ తీసి వెతకండి. చంకల్లో, గజ్జల్లో, వృషణాల మీద, చెవి వెనకాల, తలలో. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చిన్న చెక్కు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి ఉండదు కాబట్టి పిల్లవాడు చెప్పడు. అది కనిపిస్తే ఫోటో తీసి ఆ గంటలోనే డాక్టరుకి చూపించండి. కనిపించకపోయినా జ్వరం వదలకపోతే రక్తపరీక్ష చేయించాలి. డెంగ్యూ విషయానికొస్తే, ఎన్‌ఎస్1 మొదటి నాలుగైదు రోజుల్లో చేస్తేనే నమ్మదగ్గది. మీరు ఎన్నో రోజు చేయించారో రాయలేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ కోసం ఒక మామూలు యూరిన్ పరీక్ష కూడా, చవగ్గా అయిపోతుంది.

ఇక ప్రమాదం. ఇక్కడ నాకు మరుపురాని బిడ్డ ఒకతి ఉంది. నేను అప్పుడు పీజీ విద్యార్థిని, ఒక పెద్ద ఆసుపత్రి పిల్లల వార్డులో రాత్రి డ్యూటీ. తొమ్మిదేళ్ల అమ్మాయి, జ్వరం పదిహేడో రోజు. ఊళ్లో ఏవో మందులు సగం సగం వాడి ఆలస్యంగా వచ్చారు. రెండు రాత్రులుగా ఆ పిల్ల మత్తులో గొణుగుతూనే ఉంది. దగ్గరికి వెళ్లి చెవి పెడితే పదమూడో ఎక్కం, అప్పజెబుతూ మధ్యలో తప్పి మళ్లీ మొదలుపెడుతోంది. వేళ్లతో దుప్పటి పోగులు లాగుతోంది. సన్నిపాతమని పెద్దవాళ్లు అన్నది ఈ స్థితినే. టైఫాయిడ్ అన్న పేరు కూడా పొగ, మసక అని అర్థమొచ్చే గ్రీకు మాట నుంచి పుట్టింది. మూడో రాత్రి రెండు గంటలప్పుడు వాళ్లమ్మ నవ్వుతూ వచ్చింది, 'జ్వరం దిగింది డాక్టరుగారూ, ఒళ్లు చల్లగా ఉంది' అని. నేను కూడా సంతోషించి, పొద్దున చూస్తానని చెప్పాను. అదే నేను చేసిన తప్పు. సీనియర్ సిస్టరు ఊరుకోలేదు, 'ఒకసారి నాడి చూడండి సార్' అంది. నాడి 160. చేతులు కాళ్లు మంచు. పొట్ట పలకలా బిగుసుకుని, ముట్టుకుంటే మొహం ముడుచుకుంటోంది. పేగు చిల్లు పడింది. ఆ తెల్లారుజామున ఆపరేషన్ జరిగింది, నెల రోజులు ఉండి ఇంటికి వెళ్లింది. సిస్టరు నోరు తెరవకపోతే వెళ్లేది కాదు.

చిల్లు ఎక్కడ పడుతుందంటే, ముందు చెప్పిన ఆ పేయర్ ప్యాచుల దగ్గరే. అవి వాచి, కుళ్లి, పుండ్లయి, రెండో వారం చివర్లో, మూడో వారంలో పేగు గోడ పల్చనవుతుంది. రక్తస్రావం కూడా అప్పుడే. అందుకే ఆరో రోజు 103 కన్నా పదహారో రోజు 97 నన్ను ఎక్కువ భయపెడుతుంది. జ్వరం దిగితే పిల్లవాడు తేరుకోవాలి. కళ్లు తెరవాలి, ఆకలనాలి. జ్వరం ఒక్కసారిగా పడిపోయి పిల్లవాడు మరింత వాడిపోతే అది దిగడం కాదు. డెంగ్యూలో కూడా ఇలాంటి ఉచ్చే ఉంటుంది, కాకపోతే అక్కడ నాలుగు నుంచి ఆరో రోజు మధ్య, జ్వరం తగ్గిన ఆ ఒకటి రెండు రోజుల్లోనే ముప్పు.

కాబట్టి ఈ కింది వాటిలో ఏది కనిపించినా రాత్రనక పగలనక ఆపరేషన్ సదుపాయం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. పొట్ట ఉబ్బి గట్టిపడటం, నొప్పి ఒక్కసారిగా పెరగడం, తారులా నల్లటి విరేచనం లేదా రక్తం, ఏం తాగినా వాంతి, ఆరేడు గంటలుగా మూత్రం లేకపోవడం, చేతులు కాళ్లు చల్లబడటం, ఫిట్స్, పేరు పెట్టి పిలిచినా గుర్తుపట్టకపోవడం. ఇవేవీ లేకుండా తాగుతూ, మూత్రం పోస్తూ, పిలిస్తే పలుకుతుంటే రోజూ డాక్టరుకి చూపిస్తూ ఇంటి దగ్గరే ఉండొచ్చు.

చేయకూడనివి రెండు. జ్వరం త్వరగా దించమని బతిమాలితే కొందరు యాంటీబయాటిక్‌తో కలిపి డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ చేస్తారు. గంటలో జ్వరం దిగుతుంది, ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు. లోపల పేగు సంగతి మాత్రం కప్పబడిపోతుంది. తెలివి తప్పిన స్థితిలో, షాక్‌లో పెద్దాసుపత్రిలో ఇచ్చే స్టెరాయిడ్ వేరు, ఇది వేరు. ఏం ఇంజెక్షన్ చేస్తున్నారో పేరు అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. రెండోది, పారాసిటమాల్ తప్ప మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ వద్దు. పారాసిటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకోసారి మించకుండా చాలు.

అత్తయ్యగారి మాట. 'లంఖణం పరమౌషధం' అన్న సామెత ఈ జబ్బుకి తగిలించి ఎందరు పిల్లల్ని ఎండగట్టామో. ఆమెని తప్పు పట్టకండి. ఒకప్పుడు డాక్టర్లే టైఫాయిడ్‌కి నెలరోజులు బార్లీనీళ్ల మీద ఉంచేవారు, పేగు చిల్లు పడుతుందన్న భయంతో. ఆ తర్వాత తేలింది, తిండి లేని పిల్లవాడే నీరసించి పోతున్నాడని. అన్నం పెట్టండి. మెత్తగా ఉడికించి, పెసరకట్టుతోనో పెరుగుతోనో పిసికి నాలుగైదు ముద్దలు, రెండు మూడు గంటలకోసారి. ఇడ్లీ, జావ, ఉడికించిన గుడ్డు, అరటిపండు, కొబ్బరినీళ్లు. విరేచనాలు ఉన్నాయి కాబట్టి ఓఆర్ఎస్ పక్కనే పెట్టుకోండి. పీచు, కారం, వేపుళ్లు కొన్నాళ్లు ఆపితే చాలు. బ్రెడ్డు ముక్కలు పాలల్లో ముంచి పెట్టడం తప్ప ఇంకేమీ పెట్టకూడదన్న నియమం ఎక్కడా లేదు. అత్తయ్యగారికి నా పేరు చెప్పి పెరుగన్నం పెట్టించండి, దగ్గరుండి ఆవిడే కలిపి పెడితే మరీ మంచిది.

జ్వరం దిగాక మందు ఆపేయకండి. డాక్టరు చెప్పిన మొత్తం రోజులు వాడాలి. అయినా కొద్దిమందిలో రెండు మూడు వారాల తర్వాత జ్వరం తిరగబెడుతుంది. అప్పుడు నిజంగా కల్చర్ చేయించాలి, విడాల్ కాదు. విడాల్ నెలల తరబడి పాజిటివ్‌గానే ఉండిపోవచ్చు. 'తగ్గిందో లేదో చూద్దాం' అని మళ్లీ చేయించి, ఇంకా 1:160 ఉందని మళ్లీ ఇంజెక్షన్లు వేయించుకున్న పిల్లలు వారానికి ఒకరైనా వస్తారు నా దగ్గరికి. లోపల జ్వరం ఉందని, ఇంటర్నల్ టైఫాయిడ్ అని ఊళ్లో అంటుంటారు. థర్మామీటరుకి దొరకని టైఫాయిడ్ జ్వరమంటూ లేదమ్మా.

బాబు మలం ద్వారా బాక్టీరియా కొన్ని వారాలు పోతూనే ఉంటుంది. మీరు బాబుని కడిగిన చేత్తోనే వంటింట్లోకి వెళ్తారు కాబట్టి సబ్బు ముఖ్యం. తాగేనీళ్లు మరగకాచి చల్లార్చి, కుండలో చెయ్యి ముంచకుండా తీసుకోండి. ప్యూరిఫయరు ఉందని ఊరుకోకండి, పిల్లలు బడిలో, ట్యూషన్‌లో తాగే సీసా సంగతి చూడండి.

టీకా వేయించారా అని మీరు చెప్పలేదు. 6 నెలల వయసు నుంచి ఒక్క డోసుగా వేసే టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఇది. ఇందులో టైప్‌బార్ టీసీవీని భారత్ బయోటెక్, టైఫీబెవ్‌ని బయోలాజికల్ ఇ, రెండూ హైదరాబాద్ కంపెనీలే తయారుచేస్తున్నాయి. భారత్ బయోటెక్‌ది నేపాల్, మలావి, బంగ్లాదేశ్ పిల్లల్లో పరీక్షిస్తే పదిమందిలో సుమారు ఎనిమిది మందిని కాపాడింది. ఇందులో ఒక చిత్రముంది. 2016 చివర్లో సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ పెద్దయెత్తున విరుచుకుపడింది పాకిస్తాన్‌లోని సింధ్ హైదరాబాద్‌లో. దాన్ని అడ్డుకోవడానికి 2019లో ఆ దేశం పిల్లలందరికీ వేయడం మొదలుపెట్టింది మన హైదరాబాద్‌లో పుట్టిన టీకాతోనే. అక్కడ నోటితో వాడదగ్గ మందు అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. మనకింకా ఆ రోజు రాలేదు, అనవసరంగా సెఫ్ట్రియాక్సోన్ వాడి తెచ్చుకోకూడదనే రెండో రోజు విడాల్ మీద నాకంత కోపం. బాబు పూర్తిగా కోలుకున్నాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి టీకా వేయించండి. ఒకసారి వచ్చిపోయింది కదా, మళ్లీ రాదనుకోవద్దు, రావచ్చు. ఇంట్లో మిగతా పిల్లలకి ఆగక్కర్లేదు.

ఈ రాత్రి పది గంటలకి, తెల్లవారి నాలుగింటికి, పొద్దున పదింటికి జ్వరం చూసి రాయండి. ఎన్నిసార్లు మూత్రం పోశాడో పక్కనే గీతలు పెట్టండి. ఆ కాగితం, పాత సీబీపీ, వాడిన ఇంజెక్షన్ల ఖాళీ సీసాలు పట్టుకుని రేపు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి, కల్చర్ సంగతి అక్కడ అడగండి. ఒంటి మీద నల్లచెక్కు వెతకడం మాత్రం రేపటిదాకా ఆపొద్దు, ఇప్పుడే లైటు వేసి చూడండి.